అచ్చు తప్పినవి

గూడూరు బస్టాండులో
మూత్రశాల గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ,
కుర్చీలో మస్తానమ్మ,
ఒళ్లో సత్తు పళ్లెం.
వచ్చేవాళ్ల మొహం చూడదు,
బిళ్ళ పడిన చప్పుడు వింటుంది.

నేను సూళ్లూరుపేట బస్సు కోసం ఆగినవాణ్ణి.
నా జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం.
మా ఆవిడ దాన్ని మూడో కన్ను అంటుంది,
మెచ్చుకోలుగా కాదు.

చిల్లర తిరిగిస్తూ ఆమె
ఒక బిళ్ళని బొటనవేలితో రుద్ది
పళ్లెంలోంచి తీసి పక్కన పెట్టింది.
"ఏమైంది దానికి?" అన్నాను.
"పుట్టడమే వంకరగా పుట్టిందిలే నాయనా."

చూడలేదు. రుద్దింది, అంతే.

సైదాపురం పక్క గనుల్లో
పదేళ్ల వయసు నుంచీ అభ్రకం చీల్చిన వేళ్లు అవి.
కత్తి మొన దూర్చి పొర వెంబడి పొర,
మచ్చ ఉన్నది ఈ గంపలోకి,
లేనిది ఆ గంపలోకి.
ఎండకి జుట్టంతా తళతళ,
ఇంటికొచ్చి కూడు పెట్టుకుంటే కూట్లోనూ తళుకు.
గనులు మూసేశారు.
కాకిబంగారం పోయి
వేళ్లు మిగిలాయి.

కుర్చీ కింద నుంచి హార్లిక్స్ సీసా తీసి
తువ్వాలు మీద వంచింది.
ఫినాయిలు వాసనలో, తడి గచ్చు మీద,
నా మోకాళ్లు నన్నడక్కుండానే వంగాయి.

ఒక రూపాయి అంచుకి నెలవంక కొరుకుడు,
ఎలుక రుచి చూసి వదిలేసినట్టు.
ఒక ఐదుకి అంకె సగం బయటికి జారిపోయింది.
ఒకటి రెండు వైపులా నున్నగా,
ఇంకా పేరు పెట్టని బిడ్డలా.
పది రూపాయల బిళ్ళలో నడిబొట్టు
చెమటకి కారిన కుంకుమలా పక్కకి జరిగి ఉంది.

అన్నిటికన్నా అడుగున ఒక రెండు రూపాయలు.
ఒక వైపు సింహాలు లేచి నిలబడ్డాయి.
తిప్పితే మళ్లీ అవే సింహాలు,
ఎడమ కుడై, లోపలికి దిగి,
తడి ఇసుకలో ఎవరో పడుకుని లేచిపోయినట్టు.
ముప్పై ఏళ్లలో ఇలాంటిదాన్ని
ఒక్కసారి చూశాను,
మద్రాసు వేలంలో, అద్దం అవతల.

"ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావమ్మా?"
"దాయడమేంది అబ్బయా,
ఇయ్యి కాంట్రాక్టరు తీసుకోడు.
లెక్కలో తరుగు పడితే నా కూలిలో కోస్తాడు.
ఈ సీసా నిండా నా కోతలే."
వేళ్లు మడిచి లెక్క చెప్పింది.
"నలభై ఒక్క రూపాయి. ఇచ్చి మొత్తం పట్టుకుపో.
సీసా ఖాళీ అయితే ఉప్పు పోసుకుంటా."

అబద్ధం చెప్పను.
చెయ్యి జేబు దాకా పోయింది.
యాభై నోటు మడత కూడా విప్పింది.
ఇంట్లో ఆల్బం నాలుగో పేజీలో
ఆ సింహాలకి చోటు కూడా చూసేసుకున్నాను.

అవతల బస్సు హారను కొడుతోంది.
నోటు బదులు భూతద్దం తీసి ఆమెకిచ్చాను.
"రెండు రూపాయలు కాదమ్మా ఇది.
తప్పుంది కాబట్టే దీనికి వెల. వేలల్లో."

నమ్మలేదు.
అద్దం కంటికి ఆనించుకుని చాలాసేపు చూసింది.
"మచ్చుంటే మాకు రేటు తగ్గించేవోళ్లు" అంది.
"ఒక్క మచ్చకి దినం కూలి పోయేది."
మళ్లీ చూసింది.
"ఇది కొట్టినోడికి,
ఆ టంకశాలలో వోడికి,
జీతం కోసుంటారా?"

నాకు తెలీదు.
ముప్పై ఏళ్లుగా తప్పులు ఏరుకుంటూ
తప్పిన చెయ్యి ఎవరిదో
ఒక్క రోజూ అనుకోలేదు.

సింహాలని కొంగు చివర ముడేసుకుంది.
మిగతావి సీసాలోకి ఒంపి
ఆ నెలవంక రూపాయి మాత్రం నా వైపు జరిపింది.
"ఇది నువ్వు తీసుకో.
రూపాయికి రూపాయి ఇయ్యి, లెక్క సరిపోవాల."

నేనిచ్చిన దాన్ని
బొటనవేలితో రుద్ది చూసింది.
"మంచిదే" అంది.

బస్సు పోయింది.
మళ్లీది మూడున్నరకి.